కింది డివిజన్ సీజన్ టికెట్: ఏళ్ల తరబడి వాడాక

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ క్లబ్బు కింది డివిజన్‌కు పడిపోయిన ప్రతి వేసవిలోనూ అభిమానుల మధ్య ఒకటే చర్చ: సొంత గ్రౌండ్‌లో ఏడాది లీగ్ మ్యాచ్‌లన్నిటికీ ఒకేసారి కొనే సీజన్ టికెట్ రెన్యూ చేయాలా, మానాలా? మూడో, నాలుగో డివిజన్లయిన లీగ్ వన్, లీగ్ టూలలో ఏళ్ల తరబడి ఆ టికెట్ వాడినవాడిగా నా మాట: చేయండి. అయితే ఏం కొంటున్నారో, డబ్బు ఎలా కడుతున్నారో చూసుకుని చేయండి.

ముందు లెక్క. అన్నిటికన్నా పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ టికెట్‌కు సొంత గ్రౌండ్‌లో 19 లీగ్ మ్యాచ్‌లు. కింది మూడు డివిజన్లలో 24 జట్ల చొప్పున ఉంటాయి కాబట్టి 23 వస్తాయి. సీజన్ టికెట్ ధరను ఒక్క మ్యాచ్ ధరతో భాగించండి. మాటవరసకు టికెట్ 400 పౌండ్లు, మ్యాచ్ 24 పౌండ్లు అనుకుంటే 17వ మ్యాచ్‌తో గిట్టుబాటవుతుంది. అంటే ఆరు మ్యాచ్‌లు పోయినా నష్టం లేదు. ఆ ఆరూ ఎక్కడ పోతాయంటే, మంగళవారం రాత్రులు. ఉద్యోగం ముగించుకుని రాత్రి 7:45కు సీట్లో కూర్చోగలరా లేదా అన్నదే అసలు ప్రశ్న. కప్ మ్యాచ్‌లు మామూలుగా ఈ టికెట్‌లో రావు, పై డివిజన్‌కు వెళ్లే చివరి చోటు కోసం సీజన్ ఆఖర్లో ఆడే ప్లేఆఫ్స్ కూడా రావు. వాటికి మీ సీటు కొన్ని రోజులు అట్టిపెడతారు, డబ్బు మళ్లీ కట్టాలి. లీగ్ వన్, టూ క్లబ్బుల కప్ పోటీ అయిన, పెద్ద క్లబ్బుల అండర్-21 జట్లను కూడా ఆడించే ఈఎఫ్ఎల్ ట్రోఫీ గ్రూప్ మ్యాచ్‌లకు చాలామంది అభిమానులు నిరసనగా వెళ్లరు. నేనైతే వాళ్ల పక్షమే.

చలికాలంలో వాయిదాలు తప్పవు. ప్రీమియర్ లీగ్ గ్రౌండ్లలో పిచ్ కింద వేడిచేసే గొట్టాలు తప్పనిసరి. లీగ్ టూలో చాలాచోట్ల గుడ్డ కప్పడమే దిక్కు. రిఫరీ బూటు మడమతో నేలను నొక్కి చూస్తాడు, బంతిని నేల మీద దొర్లిస్తాడు. నీటిమడుగులో అది ఠక్కున ఆగిపోయిందా, మ్యాచ్ లేనట్టే. మంచు పట్టినప్పుడు చూడాల్సింది ఎండ పడే వైపు కాదు, స్టాండ్ నీడ పడే వైపు. పిచ్ అంతా మెత్తబడినా టచ్‌లైన్ (పిచ్ పక్క గీత) పక్కన ఆ నాలుగు గజాల పట్టీ రాయిలా ఉంటుంది, దానివల్లే మ్యాచ్ రద్దవుతుంది. వాయిదాపడ్డ శనివారం మ్యాచ్ సాధారణంగా మంగళవారం రాత్రికే పోతుంది కాబట్టి మీ 17 లెక్క మళ్లీ వేసుకోవాలి. అంతర్జాతీయ మ్యాచ్‌ల విరామంలోనూ జాగ్రత్త: ఒక జట్టులో ముగ్గురికి దేశం పిలుపు వస్తే లీగ్ వన్, టూ క్లబ్బులు వాయిదా అడగొచ్చు. దూరపు మ్యాచ్‌కు, అంటే ఎదుటి జట్టు గ్రౌండ్‌లో ఆడేదానికి, డబ్బు వాపసు రాని రైలు టికెట్ ముందే కొనేస్తే ఆ డబ్బుకు నీళ్లొదులుకోవాల్సిందే.

గ్రౌండ్‌లో మాత్రం పైడివిజన్‌లో దొరకనిది దొరుకుతుంది. లీగ్ వన్, టూలలో నిలబడి చూసే పాత టెర్రస్‌లు ఇప్పటికీ ఉన్నాయి. గోల్ వెనక కంచె దగ్గర నిలబడితే గోల్‌కీపర్ డిఫెండర్లను తిట్టే ప్రతి తిట్టూ వినపడుతుంది. పిచ్ కనబడేచోట బీరు తాగడం మాత్రం ఇక్కడా కుదరదు, 1985 చట్టం ఈ డివిజన్లకూ వర్తిస్తుంది.

చొక్కా కొంటే వెనక ఆటగాడి పేరు వేయించకండి. జట్టులో సగం మంది లోన్ మీదో (వేరే క్లబ్బు నుంచి అరువు తెచ్చుకున్నవాళ్లు) ఏడాది ఒప్పందం మీదో ఉంటారు. బాగా ఆడేవాడిని అసలు క్లబ్బు జనవరిలో వెనక్కి పిలిపించుకుంటుంది, ఆడనివాడు మీ దగ్గరే మిగులుతాడు. ఇదే ఈ డివిజన్లలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి.

డబ్బు కట్టే పద్ధతి గురించి కాస్త గట్టిగా చెప్పాలి. కింద టీవీ డబ్బు తక్కువ. మ్యాచ్‌లు లేని వేసవిలో జీతాలు చెల్లించేది చాలావరకు మీరు వసంతంలో ముందే కట్టిన సీజన్ టికెట్ సొమ్ముతోనే. మీ విశ్వాసానికి ఇక్కడ నిజంగా విలువ ఉండేది అందుకే, ప్రమాదం ఉన్నదీ అక్కడే. 2019 ఆగస్టులో బరీ క్లబ్బును ఆ సీజన్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ ఆడకముందే లీగ్ నుంచి తొలగించారు. దివాలా తీసిన క్లబ్బు దగ్గర సీజన్ టికెట్‌దారు అప్పులవాళ్ల వరుసలో చివర్న నిలబడతాడు. కాబట్టి క్రెడిట్ కార్డుతో కట్టండి: ధర 100 పౌండ్లు దాటితే 1974 వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు సంస్థను కూడా వాపసు అడగొచ్చు. డెబిట్ కార్డుకు ఈ రక్షణ లేదు. కిస్తీల్లో కడితే ఒప్పందం చాలాసార్లు క్లబ్బుతో కాదు, అప్పిచ్చే సంస్థతో. కిస్తీ తప్పితే మచ్చ మీ క్రెడిట్ రికార్డు మీద పడుతుంది.

ఇంత చెప్పాక కూడా కొనమనడానికి కారణం ఉంది. 2018 బాక్సింగ్ డే (డిసెంబర్ 26) నాడు మూడో డివిజన్‌లో సండర్లాండ్, బ్రాడ్‌ఫర్డ్ మ్యాచ్‌కు 46,039 మంది వచ్చారు. ఆ సీజన్ ప్లేఆఫ్ ఫైనల్‌లో సండర్లాండ్ ఆఖరి నిమిషాల్లో చార్ల్‌టన్ చేతిలో ఓడింది, జనం మాత్రం పోలేదు. 2022లో లీగ్ వన్ దాటింది, 2025లో ప్రీమియర్ లీగ్‌కు చేరింది. లీడ్స్ అదే లీగ్ వన్‌లో 2007-08ను శిక్షగా పడిన మైనస్ 15 పాయింట్లతో మొదలుపెట్టి కూడా ప్లేఆఫ్ ఫైనల్ దాకా వెళ్లింది. పోర్ట్స్‌మత్ 2008లో అన్ని డివిజన్ల క్లబ్బులూ ఆడే ఎఫ్ఏ కప్ గెలిచి 2013కల్లా నాలుగో డివిజన్‌లో పడింది. ఆ ఏడాది అభిమానుల ట్రస్ట్, 1,000 పౌండ్ల వాటాలు అమ్మి క్లబ్బును కొనుక్కుంది. 2017లో అభిమానుల చేతిలో ఉండగానే లీగ్ టూ టైటిల్ గెలిచింది. సీట్లు ఖాళీ అయివుంటే ఇవేవీ జరిగేవి కావని నా గట్టి నమ్మకం. అందుకే టికెట్‌తోపాటు మీ క్లబ్బు ట్రస్ట్‌లో సభ్యత్వం కూడా తీసుకోండి. క్లబ్బు లెక్కలు చదివి యజమానిని నిలదీసేది వాళ్లే.

మంగళవారాలు ఏ రకంగానూ కుదరనివాళ్లు సీజన్ టికెట్ జోలికి పోవద్దు. మామూలు సభ్యత్వం తీసుకుని శనివారం మ్యాచ్‌లు విడిగా కొనుక్కోవడం నయం. దూరపు మ్యాచ్‌ల టికెట్లను, అభిమానులు కూడబెట్టుకున్న పాయింట్ల వరుసలో ఇచ్చే క్లబ్బయితే, సభ్యత్వం మీద కూడా పాయింట్లు జమవుతాయో లేదో కొనేముందే అడగండి.