కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి ఒక పూట

కడపకు వచ్చేవాళ్లలో చాలామంది దేవుని కడప, పెద్ద దర్గా చూసుకుని ఒంటిమిట్ట బస్సెక్కేస్తారు. ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి కూడా ఒక పూట ఉంచుకోండి. బ్రౌన్ అంటే కంపెనీ కాలంలో ఇక్కడ ఉద్యోగం చేసిన ఆంగ్లేయ అధికారి.

బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, ఊళ్లలోని తాళపత్రాలు తెప్పించి ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించిందీ ఆయనే. ఆ బంగళా కూలిపోయాక, అక్కడే గ్రంథాలయం లేవాలని రచయిత జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టారు. చందాలు పోగుచేశారు, అధికారుల చుట్టూ తిరిగారు. 1995లో తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు దాన్ని యోగి వేమన విశ్వవిద్యాలయం చూసుకుంటోంది. తాళపత్రాలు చూశాక మెకంజీ కైఫీయత్తుల సంపుటాలు, అంటే మెకంజీ అనే ఆంగ్లేయ అధికారి రాయించిన ఊళ్ల చరిత్రలు, అడగండి. మీది ఈ జిల్లా పల్లె అయితే, మీ ఊరి చెరువు, గుడి, కరణాల సంగతి అందులో దొరకొచ్చు. నేను మధ్యాహ్నం భోజనం మరిచిపోయింది వాటి దగ్గరే.

ఆ సాయంత్రం ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. కుర్చీలన్నీ డీఎస్సీ, గ్రూప్స్‌కు చదివే పిల్లలవే, పుస్తకాలు వాళ్లు ఇంటినుంచి తెచ్చుకున్నవే. బీరువాల్లో కొత్త పుస్తకం కనపడలేదు. మనసు చివుక్కుమంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం కడుతూనే ఉన్నాం. వసూలు చేసేది మునిసిపాలిటీలు, పంచాయతీలు. వాళ్లు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. బకాయిలు పేరుకుపోతే ముందు ఆగేది పుస్తకాల కొనుగోలే.

ప్రభుత్వం తలుచుకుంటే ఏమవుతుందో ఒంటిమిట్టలో చూడొచ్చు. రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణలో ఉండిపోవడంతో, 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ లాంఛనాల సీతారామ కల్యాణం ఇక్కడ జరుగుతోంది. గుడి టీటీడీ చేతికి వచ్చింది, వసతులు పెరిగాయి. కోదండరాముడి మండపంలో స్తంభాల చెక్కడం తీరిగ్గా చూడాలి. ఇంత శ్రద్ధలో కొంతైనా బ్రౌన్ తాళపత్రాలకు, శాఖా గ్రంథాలయాలకు దక్కాలని నా కోరిక.

బస్ ఎక్కడం సులువని బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది కానీ, హారన్ల మోతకు నిద్ర తక్కువ. రోడ్డు వైపు కాని గది అడగండి. కారం దోసె పొద్దున్నే తినండి, రాగి సంగటి మధ్యాహ్నానికి. గ్రంథాలయం సెలవులు ముందే కనుక్కుని బయల్దేరండి.