పెట్టె రాట్నం: ఏడేళ్ళ వాడకం తర్వాత

పర్లాకిమిడిలో, గాలిలో ఎప్పుడూ కాస్త తడి ఉండే ఇంట్లో, ఏడేళ్ళుగా దాదాపు రోజూ తిరుగుతున్న టేకు పెట్టె రాట్నం గురించి ఈ సమీక్ష. గాంధీజీ ఎరవాడ జైల్లో ఉండగా, 1930ల తొలినాళ్ళలో రూపుదిద్దుకున్న నమూనా ఇది. అందుకే దీన్ని ఎరవాడ చక్రం అని కూడా అంటారు. మూస్తే లావుపాటి పుస్తకంలా ఉంటుంది. తెరిస్తే లోపల చేతిపిడి ఉన్న పెద్ద చక్రం, దాని పక్కన చిన్న చక్రం, ఆ చివర కదురు, అంటే దారానికి పురి పెట్టే సన్నని ఇనుప పుల్ల.

ముందే చెప్పేస్తాను: వస్తువు మంచిది, కొనదగ్గది. కానీ డబ్బు పెట్టేముందు చూడాల్సింది పెట్టె నునుపూ ఇత్తడి మూలలూ కాదు. నూలు బాగుండాలంటే కదురు తిన్నగా ఉండాలి, చక్రాలనూ కదురునూ కలిపి తిప్పే తాడు సరిగ్గా ఉండాలి, ఏకు (వడకడానికి చుట్టిన దూది) మెత్తగా ఉండాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

వేగం లెక్క ఇలా ఉంటుంది. నా దాంట్లో పెద్ద చక్రం 20 సెంటీమీటర్లు, దాని తాడు పడే చిన్న చక్రం బొడ్డు 2.5 సెంటీమీటర్లు. చిన్న చక్రం 15, కదురు మీది గిలక 1.5. అంటే 8 ఇంటూ 10. పిడి ఒక్కసారి తిప్పితే కదురు 80 చుట్లు తిరగాలి. తాడు కాస్త జారుతుంది కాబట్టి అంతకంటే తక్కువే తిరుగుతుంది. నంబరు అంటే నూలు సన్నదనం కొలత, నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. 20వ నంబరు నూలుకు పడుగైతే (బట్టలో నిలువు దారం) సెంటీమీటరుకు 8 పురులు (మెలితిప్పులు) కావాలి, పేకకు (అడ్డు దారం) 6 చాలు. ఒక్కో లాగుడుకు 60 సెంటీమీటర్ల దారం వస్తుందనుకుంటే పడుగుకు పిడి ఆరు తిప్పులు, పేకకు నాలుగున్నర నుంచి ఐదు. తొలి రోజుల్లో ఈ తిప్పులు నోటితో లెక్కపెట్టుకోవడం చాలా మంచి అలవాటు. నెల తిరిగేసరికి లెక్క చేతికే వచ్చేస్తుంది.

అసలు కష్టం దారం లాగడంలో కాదు, చుట్టడంలో ఉంది. లాగేటప్పుడు ఎడమచేయి కదురు మొనకు ఎదురుగా, కాస్త ఏటవాలుగా ఉంటుంది. కదురు తిరిగిన ప్రతిసారీ దారం మొన మీంచి జారి ఒక పురి పడుతుంది. పురి చాలిందనిపించాక పిడిని కాస్త వెనక్కి తిప్పాలి. అప్పుడు మొన దగ్గర చుట్టుకున్న రెండు మూడు చుట్లు విడిపోతాయి. దారం వదులు కాకుండా చేతిని కదురుకు అడ్డంగా తెచ్చి, పిడి ముందుకు తిప్పితే దారం కండె (కదురు మీద చుట్టుకున్న నూలు) మీదికి ఎక్కుతుంది. ఆ వెనక్కి తిప్పడం మరిచిపోతే మొన దగ్గరి చుట్ల మీద కొత్త చుట్లు పడి దారం పుటుక్కున తెగుతుంది. కొత్తవాళ్ళు 'దారం ఊరికే తెగిపోతోంది' అన్నప్పుడు చాలాసార్లు కారణం ఇదే.

పురి చాలిందో లేదో తెలుసుకోవడానికి దారాన్ని ఒక్క క్షణం వదులు చేయండి. మెత్తగా ఒక మెలిక పడి ఆగితే సరిపోయినట్టు. గట్టిగా ముడుచుకుపోయి వరుసగా చిక్కులు పడితే పురి ఎక్కువైంది. అసలు మెలికే పడకపోతే ఆ దారం మగ్గం మీద నిలవదు. దారం మీద బొడిపెలు వస్తున్నాయంటే దూది సన్నబడకముందే పురి లోపలికి పరిగెత్తిందన్నమాట. అక్కడ పిడి ఆపి, బొడిపెకు అటూ ఇటూ రెండు చేతుల వేళ్ళతో పట్టి, పురి కొంచెం విప్పి మెల్లగా లాగితే సాగుతుంది. బలవంతంగా లాగితే తెగుతుంది.

కండె ముందు గిలక వైపు లావుగా మొదలై మొన వైపు సన్నబడుతూ రావాలి. కదురుకు ముందే చిన్న కాగితం గొట్టం తొడిగితే కండె మొత్తం ఒక్కసారిగా జారి వస్తుంది. ఆ కాగితం లేకుండా వడికి, చివర్లో కండె ఊడక గోళ్ళతో పీకితే లోపలి నూలంతా పాడవుతుంది.

ఇక తాడు. రాట్నంతో పాటు వచ్చిన తాళ్ళు నాకు నాలుగు నెలలు కూడా ఆగలేదు. ఇంట్లో వడికిన నూలునే ఎనిమిది పోగులు పేని వేసుకుంటే ఎక్కువ కాలం వస్తుంది. కొసలకు ముడి వేయొద్దు. ముడి గిలక మీదికి వచ్చిన ప్రతిసారీ కదురు ఎగురుతుంది, ఆ ఎగురుడు దారంలో సన్నం లావుగా కనబడుతుంది. రెండు కొసలూ ఒకదాని పక్కన ఒకటి మూడు సెంటీమీటర్లు పెట్టి సూదితో కుట్టి, తేనెమైనం రుద్దాలి. మైనం వల్ల తాడు జారడమూ తగ్గుతుంది, నూగు రేగడమూ తగ్గుతుంది.

పేనిన నూలుతాడు తడికి ఉబ్బి పొట్టిదవుతుంది. అందుకే వానాకాలంలో చక్రం బరువెక్కుతుంది, వైశాఖంలో తాడు వదులై జారుతుంది. చిన్న చక్రం కింద ఉన్న స్ప్రింగు పట్టీ కొంతవరకు సర్దుతుంది, మొత్తం సర్దలేదు. రెండు కాలాలకూ రెండు తాళ్ళు ఉంచుకోవడమే సులువు. పని కాగానే తాడు గిలక మీంచి తీసేయండి. రాత్రంతా బిగువు మీద ఉంటే అటు తాడూ సాగుతుంది, ఇటు స్ప్రింగూ అలిసిపోతుంది.

కదురు వంగితే చెవికే తెలుస్తుంది: ప్రతి చుట్టుకూ టిక్కుమని శబ్దం. అద్దం పలక మీద దొర్లించి చూస్తే ఎక్కడ లేస్తోందో కనబడుతుంది. ఆ చోట చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి, ఇనుప సుత్తి వద్దు. వానాకాలంలో మొన తుప్పు పడుతుంది. కంటికి కనిపించనంత తుప్పయినా చాలు, దారం మొన మీంచి జారక లాగుతుంది. సన్నని గరుకు కాగితంతో పొడవునా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, ఆపైన వాడండి. ఇరుసులకు కుట్టుమిషన్ నూనె వారానికి ఒక్క చుక్క చాలు. కొబ్బరినూనె మాత్రం వద్దు. అది చలికాలంలో గడ్డకడుతుంది, నూగుతో కలిసి జిగటవుతుంది. నా రాట్నం మొదటి ఏడాది బరువుగా తిరగడానికి కారణం అదే.

ఏకుల విషయంలో రాజీ పడితే రాట్నం ఎంత మంచిదైనా దండగే. ఇక్కడి నుంచి శ్రీకాకుళం వైపు వెళ్తే పొందూరు. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, చేత్తోనే ఏకులు చుట్టి, 24 ఆకుల రాట్నం మీద 100వ నంబరు దాకా వడుకుతారు. మనం ఇంట్లో అంత చేయనక్కర్లేదు కానీ అందులో గ్రహించాల్సింది ఒకటుంది: పోగులన్నీ ఒకే దిక్కుకు ఉండాలి, ఏకు గుల్లగా ఉండాలి. మూటలో నొక్కి పంపిన ఏకులు చూడ్డానికి బాగానే ఉంటాయి, లాగితే ముద్దలు ముద్దలుగా వస్తాయి. వాటిని విప్పి, అల్లిక సూది మీద మళ్ళీ వదులుగా చుట్టుకుంటే చాలావరకు బాగుపడతాయి. వానాకాలంలో వడికే ముందు అరగంట ఎండ చూపించండి. నడివేసవి మధ్యాహ్నాలు మాత్రం పొడిగాలికి దారం ఊరికే తెగుతుంది. ఆ రోజుల్లో తెల్లవారుజామున వడికితే హాయి.

నంబరు తెలుసుకోవడం కష్టమేం కాదు. చిలప (నూలు చుట్ట) చుట్టే చట్రం చుట్టుకొలత టేపుతో కొలిచి, 100 మీటర్లు చుట్టి, గ్రాముల్లో తూచండి. 59ని ఆ బరువుతో భాగిస్తే నంబరు వస్తుంది. 3 గ్రాములు తూగితే దాదాపు 20వ నంబరు. చేయి తిరిగాక గంటకు 150 నుంచి 200 మీటర్లు వస్తుంది. ముప్పావు మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు ఉన్న తువ్వాలుకు సెంటీమీటరుకు 16 పోగుల చొప్పున పడుగు 1800 మీటర్లు, పేక 1800 మీటర్లు. మగ్గం మీద పోయేది వేరు. అందుకే మొదట మిల్లు నూలు పడుగు పెట్టించి, చేతినూలు పేకగా వేయించుకోమంటాను. 55 గ్రాముల నూలుతో పని అయిపోతుంది, పడుగులో పోగులు తెగి నేతగాడు ఇబ్బందిపడడు.

ఇంట్లో ఒకే రాట్నం మీద అత్తా కోడలూ, లేదా అక్కచెల్లెళ్ళూ వడికేట్టయితే ఎవరి కదురు వాళ్ళకు ఉండాలి, ఎవరి చిలపకు వాళ్ళ పేరు చీటీ కట్టాలి. ఒకరి పురి ఇంకొకరికి రాదు. అత్త నూలు అయ్యాక కోడలి నూలు వేస్తే, ఎక్కడ మారిందో బట్ట మీద గీత పడినట్టు కనిపిస్తుంది. రెండు చిలపలూ పక్కన పెట్టుకుని రెండేసి పేకలు మార్చి మార్చి వేయమని నేతగాడితో చెప్పండి. గీత పోయి, ఇద్దరి నూలూ ఒకే బట్టలో కలిసిపోతుంది. ఇంట్లో ఒక పెళ్ళికి ఇచ్చే తువ్వాళ్ళు ఇలా నేయిస్తే అంతకు మించిన కానుక నాకు తోచదు.

అద్దకం వేయాలనుకుంటే నూలును ముందు అరగంట ఉడికించి, పత్తిలోని మైనం పోగొట్టాలి. లేకపోతే రంగు మచ్చలుగా ఎక్కుతుంది. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో ఆల్ అనే చెట్టు వేరుతో ఎరుపు ఎక్కించే ముందు నూలును ఆముదం, పేడ, కట్టెల బూడిదతో రోజుల తరబడి సిద్ధం చేస్తారు. ఆ ఓపిక ముందు మన అరగంట ఎంత!

లోపాలు రెండు. పెట్టె తేలిక, పిడి జోరుగా తిప్పితే నేల మీద జరుగుతుంది. కింద గోనెసంచి మడిచి వేసి, మోకాలు ఆనించుకోవాలి. ఎడమచేతివాటం వాళ్ళకు ఇది అస్సలు అనుకూలం కాదు. ఏడేళ్ళలో మార్చినవి రెండు కదుర్లు, ఒక పిడి మర, లెక్కలేనన్ని తాళ్ళు. చక్రాలు, పెట్టె ఇంకా మొదటివే.

కొనేటప్పుడు దుకాణంలోనే తాడు తగిలించి, చుట్టూ సద్దు లేకుండా చూసుకుని, పిడి మెల్లగా పదిసార్లు తిప్పండి. కదురు మొన వైపు కళ్ళు పెట్టండి. మొన ఒక చుక్కలా కదలకుండా నిలిస్తే తీసుకోండి. చిన్న సున్నాలా తిరుగుతుంటే ఇంకో కదురు అడగండి.