లీవర్ రైఫిల్ బిగువు: అసలు దొంగ చిన్న స్ప్రింగే

గ్రీన్ కార్డు వచ్చాక టెక్సస్‌లో నేను కొన్న మొదటి తుపాకీ ఇది. వించెస్టర్ 1892 మోడల్ లీవర్ రైఫిల్‌కి ఇప్పటి కాపీ, .357 మాగ్నమ్ తూటాలు వాడేది. జాన్ బ్రౌనింగ్ డిజైన్ గొప్పదనం, కౌబాయ్ గ్లామర్ అందరికీ తెలిసినవే. నాకు పేచీ లీవర్‌తోనే, అంటే ఒక్కో తూటా కాల్చాక కిందికి దించి మళ్లీ పైకి మూసే ట్రిగ్గర్ కింది పిడితో. కొత్తలో తుప్పు పట్టిన బోరింగు కొట్టినట్టుండేది. ఒక పెట్టె తూటాలు అయ్యేసరికి వేళ్ల వెనక చర్మం కందిపోయేది.

వాడగా వాడగా అదే సర్దుకుంటుందన్నారు రేంజ్‌లో పెద్దలు. కొంతవరకు నిజమే. ఫ్యాక్టరీలో పూసిన జిడ్డంతా కడిగి, ఇనుము ఇనుము రాసుకునే చోట పలచగా గ్రీజు పెట్టి, టీవీ ముందు కూర్చుని ఖాళీ రైఫిల్ లీవర్ ఆడించగా ఆడించగా గరగర తగ్గింది. బిగువు మాత్రం పోలేదు.

లీవర్ కిందికి దించేటప్పుడు బరువుంటే అర్థం చేసుకోవచ్చు, తూటాని పేల్చే సుత్తిని, అంటే హ్యామర్‌ని లేపేది అదే కదా. నన్ను విసిగించింది మూసేటప్పుడు వచ్చే చివరి అంగుళం. తూటా చాంబర్‌లో (గొట్టం వెనక చివర ఉండే గదిలో) కూర్చునే ఆ క్షణంలో, ఆ గదిని వెనకనుంచి మూసే బోల్ట్‌లో ఉన్న ఎజెక్టర్ స్ప్రింగ్, అంటే కాల్చాక ఖాళీ కేసుని బయటికి ఎగరేసే స్ప్రింగ్, నొక్కుకుంటుంది. నా దాంట్లో అది అవసరానికి మించి గట్టిది. ఖాళీ కేసులు పక్క బెంచీ ఆయన టోపీ మీద పడుతుంటే అప్పుడే అనుమానం రావాలి!

బయట దొరికే మెత్తటి స్ప్రింగ్ కొద్ది డాలర్ల సరుకు. దాన్ని వేయడానికి మాత్రం బోల్ట్ బయటికి రావాలి, అంటే దాదాపు రైఫిలంతా విప్పాలి. టెన్షన్‌తో ప్రతి ముక్కనీ వరసగా ఫొటోలు తీసుకుంటూ విప్పాను. ఎలాగూ విప్పాను కదా అని, బోల్ట్‌ని వెనకనుంచి బిగించే రెండు లాకింగ్ దిమ్మెల అంచులు వేలితో తడిమితే గోరుకి తగిలేంత పొక్కులు. సన్నటి ఎమరీ పేపర్‌కి నూనె పట్టించి ఆ పొక్కుల వరకే రుద్దాను, అంచుల మూలలు గుండ్రం కానివ్వలేదు. హ్యామర్ గాడి, ట్రిగ్గర్ జోలికి అసలు పోలేదు. అక్కడ తేడా వస్తే తుపాకీ దానంతటదే పేలొచ్చు. అది గన్‌స్మిత్ పని.

బిగించి, డమ్మీ తూటాలు వేసి లీవర్ తోస్తే ఆ చివరి అంగుళం ఉన్నట్టే తెలియలేదు. టక్‌మని ఒకటే చప్పుడు. మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. ఆవిడకి పెద్ద తేడా కనిపించలేదు, అది వేరే సంగతి.

ఏడాది దాటాక చెప్పాల్సింది ఇంకొంచెం ఉంది. ఇదే రైఫిల్‌లో పట్టే, తక్కువ మందున్న .38 స్పెషల్ తూటాలు వాడుతూ లీవర్ నింపాదిగా తిప్పితే, ఖాళీ కేసు ఎగరకుండా పైనే బద్ధకంగా పొర్లుతుంది. విసురుగా కొడితే ఆ బాధ లేదు. పక్కనుంచి తూటాలు దూర్చే మూత ఇప్పటికీ బొటనవేలి గోరుని పీకుతూనే ఉంది.

నేను కాల్చేది కాగితాల మీద, ఉక్కు పలకల మీద. కాబట్టి నాకు ఈ బేరం నచ్చింది. అడవి పందుల వేటకెళ్లే మా బావగారు అడిగితే మాత్రం, వేటలో ఖాళీ కేసు ఎగరకపోతే కష్టం, పాత స్ప్రింగే ఉంచి పొక్కులు మటుకు తీయించుకోండి అన్నాను. ఆయన చేతులకి నాకన్నా బలం ఎక్కువ కూడాను.