పొడి కళ్లకు నేను వాడినవి: ఏది పనిచేసింది, ఏది డబ్బు దండగ

ముందే చెప్పేస్తాను. కొన్నేళ్లుగా వాడిన వాటిలో నాకు ఎక్కువ మేలు చేసింది అన్నిటికన్నా చవకైనది, వేడి కాపడం. మిగతావి దాని తర్వాతే.

విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లో కళ్లు పొడిబారడమేమిటని మా వాళ్లు నవ్వేవారు. ఊరిది ఉక్కపోతే, కానీ నా పగలంతా గడిచేది రుషికొండ దగ్గర ఏసీ ఆఫీసులో, రెండు మానిటర్ల ముందు. స్క్రీన్ చూస్తుంటే రెప్పలు ఆర్పడం బాగా తగ్గిపోతుంది. సాయంత్రానికి మంట, నలక పడినట్టు గరగర, దానికి తోడు ధారగా నీళ్లు. ఆ నీళ్లు కూడా పొడిదనం వల్లే. కన్ను మండినప్పుడు ఊరే ఆ నీరు కంట్లో నిలవదు, చెంప మీదికి జారిపోతుంది.

హనుమంతవాకలోని ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రిలో చూపించుకున్నాను. కింది రెప్పకు సన్నని కాగితం ముక్క తగిలించి, 5 నిమిషాలు ఉంచి, ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో కొలిచారు. 10 దాటితే సాధారణంగా ఫర్వాలేదు, 5 లోపైతే నీరు బాగా తక్కువని అర్థం. నాది ఫర్వాలేదు. అసలు సంగతి రెండో పరీక్షలో తేలింది. కంట్లో పసుపు రంగు వేసి, రెప్ప ఆర్పకుండా ఉండమని, కన్నీటి పొర ఎంతసేపటికి చెదురుతుందో చూస్తారు. 10 సెకన్ల లోపే చెదిరితే లోపమున్నట్టే. తర్వాత డాక్టరమ్మ రెప్ప అంచును వేలితో నొక్కారు. అక్కడి గ్రంథుల నుంచి పల్చటి నూనెలా రావాల్సింది పేరిన నెయ్యిలా ముద్దగా వచ్చింది. నీరు ఊరుతోంది, కానీ ఆవిరైపోకుండా పైన ఉండాల్సిన నూనె పొర సరిగా లేదు. నోరు ఎండుతోందా, కీళ్ల నొప్పులున్నాయా అని కూడా అడిగారు. షోగ్రెన్ అనే జబ్బులో ఇవన్నీ కలిసి వస్తాయట.

ఆ ముద్దను కరిగించేదే కాపడం. వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ ఇట్టే చల్లారిపోతుంది, విసుగొస్తుంది. మైక్రోవేవ్‌లో వేడిచేసే గింజల మాస్కు కొన్నాక గానీ నాకు అలవాటు పడలేదు. మణికట్టు మీద పెట్టి చూసుకుని, ఓర్చుకోగలిగిన వేడితో 10 నిమిషాలు. వెంటనే పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి మెల్లగా నిమరాలి. రోజూ చేస్తే కొన్ని వారాలకు తేడా తెలుస్తుంది, మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

కన్నీటికి బదులుగా వేసుకునే చుక్కలు ఉపశమనానికే. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఉన్నవి తేలిగ్గా ఉంటాయి, సోడియం హైలురోనేట్ నాకు కాస్త ఎక్కువసేపు నిలిచింది. రాత్రికి జెల్ మంచిదే గానీ చూపు మసకబారుతుంది, వేసుకుని ఫోన్ చూడలేం (అదీ ఒకందుకు మంచిదే). బ్రాండు కన్నా ముఖ్యం, మందు పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్ ఉందా లేదా అన్నది. చాలా సీసాల్లో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ రోజూ పదేపదే పడితే కంటి పైపొరనే దెబ్బతీస్తుంది. రోజుకు నాలుగుసార్లకు మించి వేసుకునేవాళ్లు ప్రిజర్వేటివ్ లేనివే అడగండి. మూతి తుంచి వాడి పారేసే బుల్లి ట్యూబులు ఖరీదే, అయినా నేను వాటికే మారాను.

సైక్లోస్పోరిన్ చుక్కలకు ఓపిక కావాలి. లోపలి వాపును తగ్గించే మందు కాబట్టి ఫలితం కనిపించడానికి 3 నుంచి 6 నెలలు పట్టొచ్చు. మొదట్లో మండుతుంది. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు ఆ మంటకే మానేశారు. నేను కొనసాగించాను, ఎర్రదనం తగ్గింది. కన్నీరు బయటికి పోయే రంధ్రాలకు పెట్టే సిలికాన్ ప్లగ్గులు నీరు తక్కువగా ఊరేవాళ్లకు బాగా ఉపయోగపడతాయట. నాకు పెద్దగా తేడా తెలియలేదు, ఒకటి ఊడిపోయింది కూడా.

ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) అనే లైటు చికిత్స ప్యాకేజీ తీసుకోమని నగరంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి గట్టిగా వెంటపడింది. పని చేసినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ముదురు రంగు చర్మం మీద ఆ లైటు వల్ల కాలిన మచ్చలు పడే ప్రమాదముంది. నా రంగు చూసి కూడా ఆ మాట చెప్పకపోవడం నాకు నచ్చలేదు. చేయించుకోలేదు.

ఒమేగా-3 చేపనూనె క్యాప్సూల్స్ నా లెక్కలో దండగ. పొడి కళ్ల మీద 2018లో వచ్చిన డ్రీమ్ అనే అధ్యయనంలో రోజుకు 3 గ్రాముల చొప్పున ఏడాది పాటు ఇచ్చినా, ఆలివ్ నూనె ఇచ్చినవాళ్లకన్నా ఎక్కువ గుణం కనిపించలేదు. క్యాప్సూల్స్ మానేశాను. కానాగంత చేపల పులుసు మానలేదు, దానికి కంటి సాకు అక్కర్లేదు.

మెడికల్ షాపులో కళ్లెర్రబడ్డాయంటే చేతిలో పెట్టే చుక్కలతో జాగ్రత్త. కొన్ని ఎరుపును తాత్కాలికంగా దాచి, ఆపగానే ఇంకా ఎర్రబరుస్తాయి. స్టెరాయిడ్ ఉన్నవి డాక్టరు చెప్పకుండా వాడితే కంట్లో ప్రెషర్ పెరగొచ్చు, శుక్లం రావచ్చు. జలుబుకు, దురదకు వేసుకునే కొన్ని అలర్జీ మాత్రలు కూడా కళ్లను ఎండబెడతాయి.

ఇప్పుడు రోజూ కాపడం, రెండుసార్లు సైక్లోస్పోరిన్, అవసరమైతే ట్యూబు చుక్కలు. ఆఫీసులో ఏసీ గాలి మొహాన కొట్టని సీటు అడిగి తీసుకున్నాను. మానిటర్‌ను కంటి ఎత్తుకన్నా కిందికి దించాను, చూపు కిందికుంటే కన్ను తక్కువ తెరుచుకుంటుంది. బండి మీద బీచ్ రోడ్డు ఎక్కితే హెల్మెట్ అద్దం దించాల్సిందే, ఎంత ఉక్కగా ఉన్నా.