జాగ్రత్త! చైనా అంతఃపురం, పిల్లి దయ్యం, ఒక్క రూపాయి ట్రయల్

మర్డర్ మిస్టరీ, అందులో దయ్యం, దానికి తోడు ప్రేమకథ, అదీ పాతకాలపు చైనా రాజభవనంలో అంటే చెవి కోసుకునేవాళ్ళ కోసం ఈ పోస్ట్. ఈ మధ్య రీల్స్‌లో ఒక తెలుగు ఆడియో సీరియల్ ప్రకటన తెగ తిరుగుతోంది. అర్ధరాత్రి ఒక దాసి జావ గిన్నె ముందు పెట్టుకుని, గరిటెతో దాని అంచు మీద టింగు టింగుమని కొడుతూ "పిల్లమ్మా, రా" అని పిలుస్తుంటుంది. తెల్లారేసరికి లోపల గడియ పెట్టిన గదిలో చిన్నరాణి చచ్చి పడి ఉంటుంది. మెడ మీద గోళ్ళ గీతలు. కింద బటన్: "పూర్తి కథ వినండి, ₹1 మాత్రమే". నొక్కే ముందు ఇది చదవండి.

యాప్ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతి నడిపేవాళ్ళు ఇంకా ఉన్నారు, కథల పేర్లూ మారుస్తుంటారు. పేరు పట్టుకుని వెతికితే లాభం లేదు కాబట్టి ఆనవాళ్ళు చెబుతాను.

ముందు డబ్బు సంగతి. ఆ రూపాయి కట్టేటప్పుడు మీరు కట్టేది రూపాయి కాదు, మీ యూపీఐ మీద ఒక ఆటోపే మాండేట్‌కి, అంటే గడువుకోసారి మీ ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకునే అనుమతికి, ఒప్పుకుంటున్నారు. పెద్ద పసుప్పచ్చ బటన్ మీద "₹1" అని బొద్దుగా ఉంటుంది. దాని కింద, తెల్లటి తెర మీద లేత బూడిదరంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో ట్రయల్ అయ్యాక మూడు నెలలకోసారి 499 రూపాయలు అని ఉంటుంది. పిన్ కొట్టే తెర మీద కూడా పైన రూపాయే కనిపిస్తుంది, గరిష్ఠ మొత్తం ఎంతో చూడాలంటే కిందికి జరపాలి. సరే, 499 పోతే పోయాయి, కథ మొత్తం వస్తుంది కదా అనుకుంటారా? రాదు. చందా కట్టినవాళ్ళకి రోజుకి కొన్ని ఎపిసోడ్లే తెరుచుకుంటాయి. మిగతావి "ఇప్పుడే వినాలంటే" ఆ యాప్‌లో మాత్రమే చెల్లే కాయిన్లు డబ్బు పెట్టి కొనాలి. కాయిన్ల ప్యాకులు మళ్ళీ వేరే. ఒక ఎపిసోడ్‌కి ఎన్ని కాయిన్లో కథ ముదిరేకొద్దీ పెరుగుతుంది. మొత్తం ఎన్ని ఎపిసోడ్లు ఉన్నాయో మాత్రం ఎక్కడా రాయలేదు, "కొత్త ఎపిసోడ్లు రోజూ" అని తప్ప. అంటే ఈ కథ ఖరీదు ఎంతో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడికి తెలిసే దారి లేదు.

ఎపిసోడ్ పది నిమిషాలు అంటారు. అందులో "గత భాగంలో" అని రెండు నిమిషాలు, చివర్లో "వచ్చే భాగంలో" అని ఒక నిమిషం. నడుమ మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఇంత చెప్పాక కూడా ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి పాతిక ఎపిసోడ్లు చాలా బాగున్నాయి. ఎందుకంటే రాసినవాళ్ళెవరో చరిత్ర నిజంగానే చదివారు. ఆ జావ గిన్నె సీను కల్పన కాదు. 598లో, సుయ్ వంశపు చక్రవర్తి వెన్ కాలంలో, సాక్షాత్తూ మహారాణి తమ్ముడి మీదే పిల్లి దయ్యాన్ని సాకుతున్నాడని కేసు నడిచింది. మహారాణికీ, ఇంకో పెద్ద మంత్రి భార్యకీ ఒకేసారి జబ్బు చేస్తే వైద్యులు చూసి ఇది పిల్లి దయ్యం పనే అన్నారట. ఆ ఇంటి దాసిని విచారణలో కూర్చోబెడితే, గిన్నెలో సువాసన జావ పోసి, గరిటెతో తడుతూ దయ్యాన్ని వెనక్కి పిలిచిందని రాసిపెట్టారు. దానికి పూజ ఎలుక రోజు అర్ధరాత్రి చేసేవారట. చైనా వాళ్ళ లెక్కలో పన్నెండు జంతువుల పేర్లతో రోజులు తిరుగుతుంటాయి కాబట్టి ఎలుక రోజు పన్నెండు రోజులకోసారి వస్తుంది. ఆ దయ్యం మనిషిని చంపి ఊరుకోదు, చచ్చినవాళ్ళ ఆస్తి మెల్లగా సాకినవాళ్ళ ఇంటికి చేరుతుందని నమ్మకం. హత్యకి డబ్బు ఉద్దేశం కూడా ఉన్న దయ్యమన్నమాట! డిటెక్టివ్ కథకి ఇంతకంటే ఏం కావాలి?

సీరియల్ మాత్రం దీన్ని తర్వాతి తాంగ్ వంశం కాలానికి జరిపింది. అందులో తప్పేం లేదు, పైగా తెలివైన పని. 653 నాటి తాంగ్ చట్టంలో పిల్లి దయ్యాన్ని సాకితే మరణశిక్ష ఉంది. పురుగుల్ని ఒక జాడీలో వేసి, ఒకదాన్నొకటి తిన్నాక చివరికి మిగిలినదానితో చేసే 'గూ' విషానికీ అదే శిక్ష. ఇక 655లో గావోజోంగ్ చక్రవర్తి అంతఃపురంలో జరిగింది వింటే ఏ రచయితా కల్పించక్కర్లేదనిపిస్తుంది. పట్టపురాణి వాంగ్‌నీ, షియావ్ అనే ఇంకో రాణినీ పదవుల్లోంచి తీసేసి, వూ జెతియన్ అనే మరో రాణి పట్టపురాణి అయింది. తరవాత వాళ్ళిద్దర్నీ చంపించింది. షియావ్ చచ్చేముందు "వచ్చే జన్మలో నేను పిల్లిగా, ఆ వూ ఎలుకగా పుట్టాలి, దాని గొంతు కొరుకుతాను" అని శపించిందట. అప్పట్నుంచి ఆ అంతఃపురంలో పిల్లుల్ని పెంచడం మానేశారనీ, జుట్టు విరబోసుకుని నెత్తురోడుతున్న ఆ ఇద్దరూ కనిపిస్తుంటే వూ భవనం మారిందనీ, చివరికి రాజధాని చాంగాన్ వదిలి ఎక్కువకాలం లోయాంగ్ నగరంలోనే ఉండిపోయిందనీ పాత చరిత్రల్లో ఉంది. అంతకుముందు పసికందుగా ఉండగానే పోయిన వూ కూతుర్ని ఎవరు చంపారన్నది ఇప్పటికీ తేలలేదు. తల్లే చంపి అప్పటి పట్టపురాణి వాంగ్ మీదికి తోసిందని కొందరు, అది ఆమె శత్రువులు అల్లిన కథ అని కొందరు. (మన అమరావతి దగ్గరి ధాన్యకటకం చూసి వెళ్ళిన హ్యూయన్ త్సాంగ్ ఆ రోజుల్లో చాంగాన్‌లోనే కూర్చుని గ్రంథాలు అనువదిస్తున్నాడు. సీరియల్‌లో ఒక ముసలి బౌద్ధ భిక్షువు వస్తే ఆయనేనేమో అని ఆశపడ్డాను. కాదు.)

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, డబ్బు లాగడానికి పెట్టిన ఎర ఇదే. కష్టపడి కట్టిన భాగాలు ఉచితంగా ఇచ్చారు, తాళం వేసిన భాగాల్లో మట్టి నింపారు.

మొదటి రెండు హత్యలకీ మధ్య సరిగ్గా పన్నెండు రోజులు. కథలో ఎవరూ ఆ మాట అనరు కానీ రోజుల పేర్లు చెబుతారు, లెక్కేస్తే రెండూ ఎలుక రోజులే. వైద్యుడి కూతురైన హీరోయిన్ ఎప్పుడు గమనిస్తుందా అని చూస్తాం. ఆ సంగతి ఆమె గమనించదు, ఆ తర్వాత రాసినవాళ్ళూ గమనించలేదు. మూడో రాణి హత్య ఎలుక రోజుకి కాదు, ఏ రోజుకీ కాదు, "ఒక చల్లని రాత్రి" జరుగుతుంది. మొదటి గది గడియ లోపల ఎలా పడిందో చెప్పకుండానే దయ్యం గోడల్లోంచి వస్తుందని తేల్చారు. గోడల్లోంచి వచ్చేదైతే గడియ గురించి పది ఎపిసోడ్ల విచారణ దేనికి? దయ్యం ఉన్న మిస్టరీలో దయ్యానికీ ఒక కట్టడి ఉండాలి. ఏది చెయ్యగలదో, ఏది చెయ్యలేదో ముందే మనకి తెలియాలి. అది లేకపోతే ఇక ఎవరు చంపారని ఆలోచించడం ఎందుకు?

తాళాలు మొదలయ్యాక కాలం కూడా కలగాపులగం. తాంగ్ రాజభవనం అంటే చాంగాన్‌లో, ఇప్పటి షియాన్‌లో. ఎపిసోడ్ల బొమ్మ మాత్రం బీజింగ్ ఫర్బిడెన్ సిటీ. దాన్ని కట్టింది 1406 నుంచి 1420 దాకా, తాంగ్ వంశం పోయిన సుమారు అయిదు వందల ఏళ్ళకి. భటులకి ముందు తల గొరిగి వెనక జడ, అది 17వ శతాబ్దంలో చైనాని ఏలడం మొదలుపెట్టిన మంచూల ఆచారం. విందులో ఎండుమిరపకాయల కోడికూర! మిరప చైనా చేరిందే 16వ శతాబ్దం చివర్లో. ఇవన్నీ పంతులు లెక్కలనుకోకండి. హీరో నడిరాత్రి బజారుకెళ్ళి హీరోయిన్‌కి లాంతరు కొనితెచ్చే సీను ఉంది. తాంగ్ చాంగాన్‌లో పొద్దుగూకితే భేరి మోగించి పేటల తలుపులు మూసేసేవారు, వీధిలో దొరికితే ఇరవై దెబ్బలు. మొదటి ఎపిసోడ్లలో ఈ భేరి, ఈ తలుపులే హంతకుడు బయటివాడు కాదనడానికి ఆధారం. లాంతరు సీనుతో ఆ ఆధారం కాస్తా పోయింది. వేరే ఏదో కథ తెచ్చి దీనికి అతికించారని నా అనుమానం. హీరోయిన్ నాన్న మొదట్లోనే చనిపోయాడు, కాయిన్ల భాగంలో వచ్చి పెళ్ళి సంబంధం చూస్తుంటాడు. అది దయ్యం కూడా కాదు, మామూలుగా టీ తాగుతుంటాడు.

ప్రేమకథ గురించి ఎక్కువ రాయను. వానలో ఒకే గొడుగు కింద నిలబడే సీను అయిదు తాళాల పొడుగునా సాగింది, ఆ గొడుగు మూసేసరికి కాయిన్లు అయిపోయాయి. పైగా సగంలో చదివే గొంతు మారిపోయింది. మొదట చదివినావిడ ఎవరో గాని ప్రాణం పెట్టి చదివింది. తర్వాతది యంత్రం గొంతు. "నువ్వు లేకపోతే నేను బతకలేను" అన్న మాటని రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మారిందని చెప్పినట్టు చెబుతుంది.

కస్టమర్ కేర్‌కి రాశాను. "ప్రియమైన శ్రోతా, మీ భావాలను గౌరవిస్తున్నాము" అని వచ్చింది. పూర్తి కథ అని ప్రకటించారు, కథ పూర్తయిందా అని అడిగితే "సీజన్ వన్ పూర్తయింది" అన్నారు. మొత్తం ఎపిసోడ్లు ఎన్ని అంటే మళ్ళీ నా భావాలను గౌరవించారు. కాయిన్లు వాడేసినవి, వాడనివి, ఏవీ వెనక్కి రావట.

ఇక ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకి. యాప్ డిలీట్ చేస్తే డబ్బు ఆగదు. మా పిన్ని ఫోన్‌లోనూ ఇదే సీరియల్ ఉండేది. "ఎప్పుడో తీసేశాను కదే, ఇంకేం పోతాయి" అంది. ఫోన్ తీసుకుని చూస్తే మాండేట్ బతికే ఉంది. మీరు డబ్బు కట్టిన యూపీఐ యాప్‌లోకే వెళ్ళి, ప్రొఫైల్‌లో ఆటోపే అనే చోట చూడండి. నడుస్తున్నవన్నీ వరసగా కనిపిస్తాయి, దీన్ని రద్దు చేసి పిన్ కొట్టండి. గూగుల్ ప్లే ద్వారా కట్టి ఉంటే అక్కడి సబ్‌స్క్రిప్షన్లలో ఆపాలి. ఇలాంటి కోతకి 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది, పదిహేను వేల లోపు అయితే మళ్ళీ పిన్ అడక్కుండానే పోతుంది. కాబట్టి ఆ మెసేజ్‌ని ప్రకటన అనుకుని పక్కకి తోసేయకండి.

ఫిర్యాదు చెయ్యాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. ఖరీదు దాచి కొంచెం కొంచెంగా బయటపెట్టడం, చందాలోంచి బయటికి రానివ్వకపోవడం, ఈ రెండూ 2023 నవంబర్‌లో కేంద్రం నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో (కొనేవాళ్ళని తప్పుదారి పట్టించే తెర మీది ఎత్తుల్లో) ఉన్నాయి. ఫోన్‌లో "డార్క్ ప్యాటర్న్" అన్న మాటే వాడండి, వాళ్ళకి సంగతి తొందరగా అర్థమవుతుంది. ముందుగా ఆ "పూర్తి కథ" అన్న రీల్‌నీ, బూడిదరంగు అక్షరాల తెరనీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రీల్ మాయమైపోతుంటుంది. నా ఫిర్యాదు నమోదైంది, కంపెనీ జవాబు ఇంకా రాలేదు, వస్తే ఇక్కడే రాస్తాను.

ఇంకా ట్రయల్‌లో ఉన్నవాళ్ళు ఇవాళే రద్దు చేసుకోండి, గడువు దాకా వినడానికి మామూలుగా అడ్డేం ఉండదు. ఆ మొదటి పాతిక హాయిగా వినండి, అక్కడ ఆపేయండి.

కాయిన్లు పోసి చివరిదాకా విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ మూడో రాణిని చంపిందెవరో కింద రాసేయండి. స్పాయిలర్ అని మొహమాటపడొద్దు, ఇక్కడ ఎవరూ కొనరు.