శాశ్వత, సంపూర్ణ వైకల్య గుర్తింపు: పీటీఎస్‌డీ ఉన్న మాజీ సైనికుడి ఇంటి నుంచి ఒక సమీక్ష

మావారు అమెరికా సైన్యంలో చేరి ఇరాక్ యుద్ధంలో పనిచేసి వచ్చారు. ఆయన పీటీఎస్‌డీ, అంటే భయంకర అనుభవాల తర్వాత వెంటాడే మానసిక వ్యాధి, సైనిక సేవ వల్ల వచ్చినదేనని వెటరన్స్ అఫైర్స్ శాఖ, అంటే ఇక్కడ అందరూ వీఏ అని పిలిచే శాఖ, ఒప్పుకొని చాలా ఏళ్లయింది. ఆ వైకల్యం సంపూర్ణమూ శాశ్వతమూ అని ఉత్తరం వచ్చింది మాత్రం అంతకు ఎంతో తర్వాత. మేముండేది టెక్సాస్‌లో. ఇంట్లో కాగితాల పనంతా నాదే కాబట్టి, ఈ గుర్తింపు ఎలా వస్తుంది, వచ్చాక దేనికి పనికొస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది అన్నది వాడి చూసిన మనిషిగా రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది, సంపూర్ణం, శాశ్వతం అనేవి వేర్వేరు నిర్ణయాలు. మానసిక వ్యాధుల తీవ్రతను బట్టి వీఏ ఇచ్చే రేటింగు 0, 10, 30, 50, 70, 100 శాతం మెట్లలోనే ఉంటుంది. నూరు శాతం వర్ణనలో దగ్గరి బంధువుల పేర్లు మరచిపోవడం, తేదీ, చోటు తెలియకపోవడం వంటి తీవ్ర లక్షణాలు కనిపిస్తాయి. అవి ఉదాహరణలే తప్ప అన్నీ ఉండి తీరాలన్న షరతు లేదు. అయినా పీటీఎస్‌డీ ఉన్నవారిలో చాలామంది 70 దగ్గరే ఆగిపోతారు. అక్కడి నుంచి నూరు శాతం పరిహారానికి ఇంకో దారి ఉంది. ఒకే వైకల్యం 60 శాతమో అంతకంటే ఎక్కువో ఉండి, దానివల్ల బతుకు గడిచేటంత ఉద్యోగం నిలుపుకోలేని స్థితి ఉంటే, 21-8940 ఫారంతో నిరుద్యోగార్హత (ఉద్యోగం చేయలేని స్థితికి ఇక్కడి పేరు, అన్‌ఎంప్లాయబిలిటీ) కింద దరఖాస్తు చేయవచ్చు. మాకు వచ్చింది ఆ దారిలోనే. అంతటితో సంపూర్ణం అయింది, శాశ్వతం కాలేదు. ముందుముందు మళ్లీ వీఏ వైద్య పరీక్ష ఉండవచ్చని ఆ ఉత్తరంలోనే ఒక వాక్యం ఉంది, ఆ ఒక్క వాక్యం మా ఇంటిని ఏళ్ల తరబడి ఏలింది.

నా ఫిర్యాదు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. కౌన్సెలింగ్‌కు వెళ్లి, మందులు సరిగ్గా వేసుకుని, నెమ్మదిగా మనుషుల్లో కలవడం నేర్చుకోవాలని వైద్యులు చెబుతారు. శాశ్వతం అనిపించుకోవాలంటే ఈ వైకల్యం జీవితాంతం కొనసాగుతుందని సహేతుకంగా నిశ్చయం కావాలని నిబంధన చెబుతుంది. ఈ రెండు మాటల మధ్య నిలబడిన మనిషి, ఒక వారం రాత్రిళ్లు కాస్త నిద్రపట్టిందని డాక్టరుకు చెప్పడానికి కూడా జంకుతాడు. ఆ మాట ఫైలులో పడుతుంది, ఫైలు చూసి రేటింగు తగ్గిస్తారు, ఇంటి వాయిదా కట్టలేము అన్న లెక్క ఆయన బుర్రలో క్షణంలో తిరిగిపోయేది. చికిత్స మానేస్తే ఫైలు భద్రంగా ఉంటుందని సలహా ఇచ్చినవాళ్లు మాకూ తగిలారు. అంత చెడ్డ సలహా మరొకటి లేదు. నిరుద్యోగార్హత కింద ఇచ్చిన సంపూర్ణ రేటింగును తీసేయాలంటే, ఆ మనిషి నిజంగా ఉద్యోగం చేయగలడనడానికి స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం ఉండాలని నిబంధనల్లోనే ఉంది. పునరావాస శిక్షణకో, చికిత్సలో భాగమైన పనికో వెళ్లినంత మాత్రాన అది ఉద్యోగార్హతకు రుజువు కాదని కూడా ఉంది. ఆ పేజీ అచ్చు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. చదివిన ప్రతిసారీ ఆయనకు నమ్మకం కలిగిందని చెప్పలేను గాని, అపాయింట్‌మెంట్లు మాత్రం మానలేదు.

శాశ్వత గుర్తింపు కోరడానికి మాకు అక్కరకొచ్చిన కాగితాలు రెండే. ఒకటి, చాలాకాలంగా చూస్తున్న మానసిక వైద్యుడి లేఖ. "దీర్ఘకాలిక వ్యాధి" అని రాస్తే సరిపోదు. ఏయే చికిత్సలు జరిగాయి, అవన్నీ జరిగినా ఏ లక్షణాలు మిగిలాయి, అవి జీవితాంతం కొనసాగుతాయని ఎందుకు అనుకుంటున్నారు అన్నవి మూడూ అందులో ఉండాలి. మాజీ సైనికుల కోసం వీఏ నడిపే కౌన్సెలింగ్ కేంద్రం వెట్ సెంటర్‌కు వెళ్లేవారికి ఒక హెచ్చరిక: అక్కడి రికార్డులు వీఏ వైద్య రికార్డులతో కలవవు, గోప్యంగా విడిగా ఉంటాయి. మీరు సంతకం చేసి తెప్పించుకుంటే తప్ప రేటింగు వేసే వ్యక్తి కంట అవి పడవు.

రెండోది నేను రాసిన సాక్ష్యం. "ఆయనకు కోపం ఎక్కువ, నిద్ర తక్కువ" అన్న తరహా వాక్యాలను నేను కావాలనే పక్కన పెట్టాను. హైవే మీద గాలికి కొట్టుకొచ్చిన అట్టపెట్టె కనిపిస్తే వెనక లారీ వస్తోందో లేదో కూడా చూడకుండా రెండు లేన్లు దాటించేస్తారని, అందుకే పిల్ల బండిలో ఉంటే డ్రైవింగ్ నేనే చేస్తానని రాశాను. గోదాములో ఉద్యోగం చేసినప్పుడు సూపర్‌వైజర్ చప్పుడు లేకుండా వెనక నిలబడ్డాడని స్కానర్ విసిరికొట్టి ఇంటికి వచ్చేశారని, ఆ తర్వాత ఏ ఉద్యోగం ఎందుకు పోయిందో కూడా వరసగా రాశాను. జులై 4న, దీపావళినాడు టపాసుల చప్పుడు వినబడకుండా బట్టల గదిలో డ్రయర్ తిప్పుకుని ఆ మోతలో కూర్చుంటారని కూడా రాశాను. ఇరాక్‌లో రోడ్డు పక్క చెత్తలో కూడా బాంబులు పెట్టేవారన్న సంగతి చదివేవారికి తెలిసే ఉంటుంది, దాన్ని నేను వివరించలేదు.

పరీక్ష సంగతి చెప్పకపోతే సమీక్ష పూర్తి కాదు. మాకు ఎదురైన ఒక పరీక్షకుడు తలెత్తకుండా కంప్యూటర్‌లో టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. ఎలా ఉన్నారంటే బాగున్నానని మర్యాదకు అన్న మాట నివేదికలోకి ఎక్కింది, ముఖం కడుక్కుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లిన సంగతీ ఎక్కింది. ఆ నివేదిక ఆధారంగానే మొదటి కోరిక తిరస్కారమైంది. 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో తిరస్కారం వచ్చిన ఏడాదిలోగా మూడు దారులు తెరిచి ఉంటాయి: కొత్త సాక్ష్యంతో సప్లిమెంటల్ క్లెయిమ్, పై అధికారితో పునఃసమీక్ష, అప్పీళ్ల బోర్డు. కొత్త లేఖ చేతిలో ఉంటే మొదటిదే మేలు. పునఃసమీక్షలో కొత్త కాగితం ఒక్కటి కూడా తీసుకోరు.

గెలిచిన ఉత్తరంలో పెద్ద అక్షరాలతో ఏమీ ఉండదు. "శాశ్వతం" అన్న మాట కోసం వెతికితే దొరక్కపోవచ్చు. కుటుంబ సభ్యుల విద్యా సహాయానికి, అంటే చాప్టర్ 35కు, అర్హత స్థాపితమైందన్న వాక్యం ఉంటే అదే గుర్తు. వీఏ వెబ్‌సైట్ నుంచి దింపుకునే ప్రయోజనాల లేఖలో సంపూర్ణ, శాశ్వత వైకల్యం అన్న వరస ఎదుట "అవును" అని ఉందో లేదో కూడా చూసుకోండి.

వాడకం విషయానికొస్తే, నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఛాంప్‌వీఏ, అంటే ఈ గుర్తింపు ఉన్నవారి భార్యాపిల్లలకు వీఏ ఇచ్చే ఆరోగ్య రక్షణ. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి ఏడాదికి మనిషికి 50 డాలర్లు, కుటుంబానికి 100 డాలర్లు ముందు మనం భరించాక, అనుమతించిన ఖర్చులో 25 శాతం మన వాటా. కుటుంబం మొత్తం మీద ఏడాదికి 3,000 డాలర్లు దాటదు. తపాలాలో తెప్పించుకునే మందులకు పైసా లేదు. చిక్కల్లా డాక్టర్ల కార్యాలయాల్లో ఈ పేరు చెబితే ట్రైకేర్, అంటే సైన్యం వారి వేరే ఆరోగ్య పథకం, అనుకుంటారు, విడమరిచి చెప్పే ఓపిక ఉండాలి. చాప్టర్ 35 కింద అమ్మాయి కాలేజీకి నెలనెలా డబ్బు వస్తుంది. 2018 ఆగస్టు 1 తర్వాత చదువు మొదలుపెట్టినవారికి ఇది 36 నెలల వరకే, ఫీజంతా తీరిపోతుందని ఆశపెట్టుకోవద్దు. టెక్సాస్‌లో నివాస గృహంపై ఆస్తిపన్ను పూర్తిగా మాఫీ అవుతుంది గాని దానికి శాశ్వత గుర్తింపు అక్కర్లేదు, నూరు శాతం పరిహారమో నిరుద్యోగార్హతో ఉంటే చాలు. ఈ సంగతి తెలియక ఎదురుచూస్తూ కూర్చున్నవారిని చూశాను. డబ్బుకు మించినది మా ఇంట్లో జరిగిన మార్పు. ఉత్తరం వచ్చాక మావారు గ్రూప్ కౌన్సెలింగ్‌లో నోరు విప్పడం మొదలుపెట్టారు. బాగుపడితే శిక్ష పడుతుందన్న భయం పోయాక చికిత్స పని చేసిందని నా అభిప్రాయం. అందుకే ఈ గుర్తింపు ఆలస్యంగా ఇవ్వడం వైద్యపరంగా కూడా తప్పనిపిస్తుంది.

మన తెలుగువాళ్లలో మరో అడ్డంకి ఉంది. గుంటూరు నుంచి ఫోన్ చేసే పెద్దమ్మకు "కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా, ఉద్యోగం ఎందుకు చేయడమ్మా" అన్నదే ప్రశ్న. ఈ మాటకు వెరచి దరఖాస్తే పెట్టని కుర్రాళ్లున్నారు. పెట్టదలిస్తే డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ వంటి మాజీ సైనికుల సంస్థల ప్రతినిధులు ఉచితంగా చేసిపెడతారు. మొదటి క్లెయిమ్‌కు డబ్బు అడిగేవారి జోలికి పోవద్దు, వీఏ గుర్తింపు ఉన్న న్యాయవాదులు సైతం ఆ దశలో ఫీజు తీసుకోకూడదు.

చివరగా, అందరూ శాశ్వతం కోరి తీరాలని నేను అనను. కోరిన వెంటనే ఫైలంతా మళ్లీ తెరుచుకుంటుంది, కొత్త పరీక్ష పడవచ్చు. వయసు 55 దాటినా, లక్షణాలు మెరుగుపడకుండా 5 ఏళ్లు దాటినా మామూలుగా పునఃపరీక్షలు వేయరు. రేటింగు 20 ఏళ్లు నిలిస్తే మోసం రుజువైతే తప్ప తగ్గించరు. చదువుకునే పిల్లలు లేక, భార్యకు ఉద్యోగం ద్వారా బీమా ఉన్నవారు ఆ గడువుల దాకా కదలకుండా ఉండటమే మంచిది. పిల్ల కాలేజీకి వచ్చి, వైద్యుడు లేఖ రాయడానికి సిద్ధంగా ఉంటే మాత్రం ఆగకండి.