కశ్మీర్ చలిల లారీ స్టార్ట్ కావాలంటే: ఫిల్టర్ హీటర్ వాడినంక నా మాట

లారీకి ఇన్నేండ్లల్ల శానా సామాన్లు పెట్టించిన. కెమెరా, జీపీఎస్, కొత్త సీటు, క్యాబిన్‌ల ఫ్యాను. పెట్టిన పైసలు పూర్తిగ వసూలైంది మాత్రం డీజిల్ ప్రీ-ఫిల్టర్ (ట్యాంకుకు, ఇంజన్‌కు నడుమ డీజిల్‌ను ముందుగాల వడబోసేది) గిన్నెల కూసున్న ఈ చిన్న హీటర్‌తోనే. మైనస్‌ల పడ్డ పొద్దుగాల బండి స్టార్ట్ కాక, లోడు మీదేసుకొని యార్డుల నిలబడ్డోళ్లకు ఈ మాట ఎక్కువ అనిపియ్యది.

మాది వరంగల్. ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి ఎత్తుకొని ఢిల్లీకి పోత. అక్కడ దించి కశ్మీర్ ఎక్కి, ఆపిల్ లోడుతోని బాటసింగారం పండ్ల మార్కెట్‌కు వస్త. ఆపిల్ అంటే సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకనే అనుకుంటరు మనోళ్లు. పుల్వామా జిల్లా లస్సీపొరాల సీఏ స్టోర్లు శానా ఉన్నయి. లోపల ఆక్సిజన్ తగ్గించి, చల్లగ పెట్టి దాచిన పండు డిసెంబర్ దాటినంక గూడ నెలల తరబడి బయటికి వస్తనే ఉంటది. కిరాయి అప్పుడే మంచిగ పలుకుతది. సరిగ్గ అప్పుడే అక్కడ చిల్లై కలాన్ అనే గడ్డు చలి నడుస్తది, డిసెంబర్ 21 నుంచి జనవరి ఆఖరు దాక సుమారు 40 రోజులు. 2024ల ఆ డిసెంబర్ 21 పొద్దుగాలనే శ్రీనగర్‌ల మైనస్ 8.5 పడ్డది. డిసెంబర్ నెలల అంత చలి అప్పటికి 50 ఏండ్లల్ల పడలేదు. పుల్వామా, షోపియాన్ దిక్కు శ్రీనగర్ కంటే ఇంకొంచెం కిందికే పోతది శానాసార్లు.

కెనడా, అలాస్కా దిక్కు బండ్లకు ఇంజన్ బ్లాక్‌కే హీటర్ ఉంటది. రాత్రి కరెంటు ప్లగ్గు పెట్టి పండుకుంటే తెల్లారేదాక కూలెంట్ వెచ్చగ ఉంటది. మన లారీలకు అది రాదు. తెచ్చి పెట్టుకున్నా, లస్సీపొరా యార్డుల బురదమంచు మీద వరుసగ నిలబడ్డ బండ్లకు ప్లగ్గు ఎవరిస్తరు? అందుకే మనకు చల్లటి ఇంజన్‌నే స్టార్ట్ చేసుకునుడు తప్పది. బ్యాటరీ సెల్ఫ్‌ను గట్టిగ తిప్పాలె, ఆయిల్ అడ్డం పడొద్దు, డీజిల్ పారాలె. మొదటి రెండింటికి పెద్ద కథ లేదు. 15డబ్ల్యూ-40 ఆయిల్‌ల ఆ 15డబ్ల్యూ అన్నది మైనస్ 20 దగ్గర ఇంజన్ తిరుగుతదా లేదా అని పరీక్ష పెట్టి ఇచ్చిన గ్రేడు, కశ్మీర్ లోయకు చాలు. లేహ్ పోయేటోళ్లు 5డబ్ల్యూ చూసుకోవాలె. క్లచ్ తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే గేర్‌బాక్స్‌ల గట్టిపడ్డ ఆయిల్ బరువు సెల్ఫ్ మీద పడది. పది పదిహేను సెకన్లు కొట్టి, నిమిషం ఆగి, మళ్ల కొట్టాలె. డ్రైవర్లకు ఇవన్నీ తెలిసినవే.

అసలు తిప్పలు డీజిల్‌తోని. అందుల మైనం ఉంటది. చలికి అది విడిపడి పేరిన నెయ్యి లెక్క తేలుతది, ఫిల్టర్ కాయితానికి అతుక్కుంటది. మన దేశపు డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460. దాని ప్రకారం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక అమ్మే చలికాలం డీజిల్ 6 డిగ్రీల దాక ఫిల్టర్‌ల నుంచి పారితే చాలు. మిగిలిన నెలలల్ల 18 డిగ్రీలు. బంకుల వచ్చే సరుకు దీనికంటే మెరుగ్గ ఉండొచ్చు, కాని మైనస్ 8కి పూచీ ఎవ్వరియ్యరు. లడాఖ్ కోసమని ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌ల వేరే వింటర్ డీజిల్ తెచ్చింది, మైనస్ 33 దాక పారుతది. హర్యానాల ట్యాంకు నింపుకొని పైకెక్కే నాలాంటోని ట్యాంకుల ఉండేది ఆ డీజిల్ కాదు.

హీటర్ లేనప్పుడు ఏం చేస్తరో అక్కడ కండ్లార చూసిన. డీజిల్‌ల ముంచిన గుడ్డలు రేకు డబ్బాల వేసి, ట్యాంకు కింద, ఇంజన్ ఆయిల్ చాంబర్ కింద మంట పెడ్తరు. పాత బండ్లకు నడిచిందేమో. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్లకు ఆ దగ్గర్లనే పొగను శుభ్రం చేసే యూరియా ట్యాంకు, సెన్సార్లు, ప్లాస్టిక్ పైపులు, వైరింగు అన్నీ ఉంటయి. ఒక హిమాచల్ డ్రైవర్ బండికి మంట సెగతోని వైరింగు కరిగి, స్టార్ట్ కావుడు అటుంచి, టో చేసుకొని పోవాల్సొచ్చింది. ఆ మనిషి మొఖం ఇప్పటికీ యాదికుంది. కిరోసిన్ కలుపుడు అంతే. పాత పంపులు తట్టుకున్నయి గని, ఇప్పటి బండ్లల్ల ఎక్కువ ప్రెషర్‌తోని డీజిల్ కొట్టే కామన్ రైల్ పంపుకు డీజిల్ జిడ్డే ఆధారం, కిరోసిన్‌తోని అది పలుచబడ్తది. (యూరియా గురించి అడిగేటోళ్లకు: మైనస్ 11 దగ్గర గడ్డకడ్తది, నిజమే. స్టార్ట్‌కు అది అడ్డం కాదు. ఇంజన్ వేడెక్కినంక కూలెంట్ పైపుతోని దానంతటదే కరుగుతది.)

హీటర్ జమ్మూల, నర్వాల్ ట్రాన్స్‌పోర్ట్ నగర్‌ల బిగించుకున్న. షోరూం వాళ్లను ముందు అడిగితే వైరింగు ముట్టుకుంటే వారంటీ పోతదన్నరు. నా బండికి అప్పటికే వారంటీ అయిపోయింది గనక నాకు ఆ పట్టింపు లేకుండె. మీకుంటే ఆలోచించుకోండ్రి. 24 వోల్టులు, 300 వాట్లు, అంటే పన్నెండు ఆంపియర్ల పైచిలుకు లాగుతది. డీజిల్ 7 డిగ్రీల కిందికి పోతే దానంతటదే ఆన్ అయితది, 24 దగ్గర ఆఫ్. ఖర్చు ఒక కొత్త టైరు కంటే తక్కువనే అయింది, కూలితోని కలిపి.

మొదటిసారి అది పనిచేసిన పొద్దు చెప్పాలె. మంచు పడి ఆగింది, ఆకాశం తేటగ ఉంది, అట్లాంటి రాత్రే చలి ఎక్కువ కొడ్తది. ప్రీ-ఫిల్టర్ గిన్నె పారదర్శకం గనక టార్చి కొట్టి చూసిన. లోపల డీజిల్ తెల్లగ, మబ్బు పట్టినట్టు ఉంది, అడుగున పొలుసులు. తాళం తిప్పి ఉంచిన. హీటర్‌ను ఆన్ చేసే స్విచ్చు, రిలే, టక్కుమన్నది. రెండు మూడు నిమిషాలకు హీటర్ చుట్టూ వేలెడంత మేర తెలుపు విరిగి పచ్చటి రంగు బయటపడ్డది. అది మెల్లగ పైకి పాకింది. ఐదు నిమిషాలకు గిన్నె మొత్తం తేట. చేయి పెడితే బయటి నుంచి గూడ గోరువెచ్చగ తగిలింది. క్లచ్ తొక్కి సెల్ఫ్ కొట్టిన. రెండు తిప్పులు దగ్గినట్టు చేసి అందుకున్నది. పక్క బండి మహారాష్ట్రోళ్లు దిగొచ్చి చూసిండ్రు. ఆ సీజన్ మొత్తం అట్లనే నడిచింది, తర్వాతి సీజన్ గూడ. అప్పుడు కనపడ్డ ప్రతి డ్రైవర్‌కు చెప్పిన, ఇదొక్కటుంటే చాలు, ఇంకేం అక్కర్లేదని.

ఆ "ఇంకేం అక్కర్లేదు" అన్న ముక్క ఇప్పుడు అనను. ఎందుకో చెప్త.

పోయిన జనవరిల రాంబన్ దగ్గర రాళ్లు పడి జమ్మూ-శ్రీనగర్ హైవే బంద్ అయింది. మేము అప్పటికే లోడెత్తుకొని లస్సీపొరాలనే ఉన్నం, రోడ్డు తెరుస్తరని ఎదురుచూసుకుంట. బండి రోజుల తరబడి కదలలేదు. తెరిచిండ్రన్న కబురు పొద్దుగాల వచ్చింది. ఎప్పటి లెక్కనే తాళం తిప్పి, గిన్నె తేటయ్యేదాక ఆగి, సెల్ఫ్ కొట్టిన. టక్కున అందుకున్నది. కొంచెంసేపు ఐడిల్‌ల పెట్టి యార్డు గేటు దాటినం. ఊరి చివర ఆపిల్ తోటల నడుమ చిన్న ఎత్తు ఉంటది, అక్కడ దమ్ము తగ్గింది. యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంజన్ మాట వింటలేదు. నాతోని రెండో డ్రైవర్‌గ వచ్చే పిల్లగాడు, నాకు తమ్ముని వరస, అన్నడు: "అన్నా, ఇంజన్‌కు డీజిల్ అందుతలేదు."

ఆగిపోయింది. మళ్ల కొడితే అందుకుంటది, అర నిమిషం నడిచి సచ్చిపోతది. గిన్నె చూస్తే డీజిల్ తేటగనే ఉంది, వెచ్చగనే ఉంది, కాని సగానికి దిగింది. అంటే హీటర్ తన పని తాను చేస్తనే ఉంది. ఫిల్టర్ మీది చేతి పంపు ఒత్తిన. లోపలికి పోయింది, తిరిగి పైకి రాలేదు. లాగి పట్టుకుంటే గూడ వెనక్కి పీక్కుంటుంది. చేతి పంపు లోపలికి పోకుండ మొరాయిస్తే అవతల ఇంజన్ దిక్కు ఫిల్టర్ మూసుకున్నట్టు. పోయి తిరిగి రాకపోతే ఇవతల ట్యాంకు దిక్కు మూసుకున్నట్టు. ఈ ఒక్క గుర్తు తెలిస్తే సగం టైము మిగుల్తది, ప్రతి క్లీనర్ పిల్లగానికి నేర్పండ్రి.

ట్యాంకు లోపల పీల్చే పైపు కొసకు జల్లెడ లెక్క జాలి ఉంటది. అన్ని రోజులు కదలక నిలబడ్డ ట్యాంకుల మైనం దిగి ఆ జాలికి పట్టింది. హీటర్ దానికాడికి వచ్చిన డీజిల్‌ను వేడి చేస్తది గని, ట్యాంకుల నుంచి రానే రాని డీజిల్‌ను ఏం చేస్తది?

రోడ్డు పక్కన ఒక ఇల్లుంది. అక్కడి ఇండ్లల్ల హమామ్ అని ఉంటది, కింద కట్టెలు మండించి నేలను, నీళ్లను వేడి చేసే అర్ర. ఆ ఇంటి పెద్దాయన మమ్ముల చూసి, ఏమైందని అడగకముందే పెద్ద రాగి గిన్నెల పొగలు కక్కే నీళ్లు పట్టుకొని బయటికొచ్చిండు. ఇట్ల ఆగిన బండి ఆయనకు మేము మొదటిది కాదు. ట్యాంకు మీద పైపు బయటికొచ్చే తావున గోనె సంచి చుట్టి, దాని మీద పోసినం. మళ్ల తెచ్చిండు, ట్యాంకు కింది మూలకు పోసినం. పెద్దాయనే చెప్పిండు, పైనుంచి కిందికి పొయ్యండి, నీళ్లు ట్యాంకు మూత దిక్కు పోనియ్యకండి అని. పోసుకుంటనే ఉన్నం, తమ్ముడు చేతి పంపు ఒత్తుకుంటనే ఉన్నడు. కొంతసేపటికి ఆ పంపు మెల్లగ, నీళ్లల్ల మునిగిన బంతి లేచినట్టు కాదు, బద్ధకంగ, సగం దాక లేచింది. ఇంకోసారి ఒత్తితే పూర్తిగ లేచింది. గిన్నె నిండింది. సెల్ఫ్ కొడితే అందుకున్నది, ఈసారి ఆగలేదు.

అప్పటి నుంచి ఐడిల్‌ల మంచిగ వేడెక్కేదాక కదలం. కామన్ రైల్‌ల ఇంజన్ వాడుకోగ మిగిలిన డీజిల్ వెచ్చగయి ట్యాంకుకే తిరిగొస్తది. బండి నడిచేకొద్దీ ట్యాంకు దానంతటదే తేరుకుంటది. ఎటొచ్చీ ఆ మొదటి అరగంట గడవాలె. లోయల దిగంగనే అక్కడి బంకుల ట్యాంకు నింపుడు గూడ అలవాటు చేసుకున్న. నా బండికి ఆ డీజిల్ పైకి తెచ్చిన డీజిల్ కంటే చలిని బాగ ఓర్చింది. బంద్‌ల ఇరుక్కుంటే రోజుకొకసారి స్టార్ట్ చేసి నడిపించి ఆపుత.

ఇంకో సంగతి. బ్యాటరీ మీద హీటర్ భారం ఏం పడదని మొదట్ల అందరికీ చెప్పిన. కొత్త బ్యాటరీల మీద నిజంగనే పడలేదు. ఐదు నిమిషాలకు ఒక ఆంపియర్-అవర్ లాగుతది, అంతే. కాని జతల ఒకటి ముసలిదైనంక, చలికి సత్తువ సగం పోయిన బ్యాటరీ మీద ఆ ఐదు నిమిషాలు గూడ తెలిసొచ్చినయి. హీటర్ ఆగినంక సెల్ఫ్ కొడితే డ్యాష్ లైట్లు మసకబారినయి. రెండూ కలిపి మార్చినంక మళ్ల ఏ తిప్పలు లేదు. ఒకటి మార్చి ఒకటి ఉంచితే కొత్తది గూడ పాతదాంతోని పాడైతది, తెలిసిందే. గిన్నె రబ్బరు రింగు గూడ చలికి, వేడికి గట్టిపడి పగుల్తది. పగిలితే గాలి పీల్చుకుంటది, డీజిల్ కారకున్నా లైన్‌ల గాలి చేరి బండి ఎయిర్ పడ్తది. డాష్‌బోర్డుల ఒక రింగు ఎప్పుడూ ఉంచుత.

కొనాలెనా అంటే, మీ రూటు మీద ఉంటది. వరంగల్ నుంచి నాగ్‌పూర్, రాయ్‌పూర్ తిరిగేటోళ్లకు హీటర్ దండగ. మనకాడ చలి అంటే ఆదిలాబాద్, సిర్పూర్ (యు) దిక్కు 5, 6 డిగ్రీలు పడ్డ పొద్దు, ఎప్పుడన్న రిలే టక్కుమంటదేమో, అంతే. నీళ్లు వేరు చేసే గిన్నె ఒక్కటి పెట్టుకుంటే చాలు. లేహ్‌కు చలికాలంల పోయే ఆలోచన ఉంటే దీన్ని నమ్ముకొని పోకండ్రి, అది నేను చూసిన చలి కాదు. అక్కడి వింటర్ డీజిల్, పలుచటి ఆయిల్ ముందు చూసుకోండ్రి. కశ్మీర్ సీఏ లోడ్లు వరుసగ దొరికేటోనికైతే పెట్టుకొమ్మనే చెప్త. నాకు ఒకట్రెండు సీజన్లల్లనే డబ్బులు తిరిగొచ్చినయి, నేను ఎక్కువ అటే పోత గనక. ఏడాదికొకసారి పోయేటోనికి అంత లెక్క కుదరకపోవచ్చు. బిగించేటప్పుడు మెకానిక్‌ను రిలే, ఫ్యూజు క్యాబిన్ లోపల పెట్టమని అడగండ్రి. నాది మొదట కింద చాసిస్ మీద పెడితే బురద పట్టి కనెక్టర్ పచ్చబడ్డది, తర్వాత పైకి మార్పిచ్చిన.